రాగిగనుల నడుమ ఒక ప్రణయకథ

చారిత్రక నవల యన్నంతనే మన కన్నులయెదుట ఒక కోట నిలుచును. బురుజులు, ఏనుగులు, వేగులవాండ్రు, అంతఃపురమున ఎదురుచూచు రాకుమారి - ఈ సామగ్రి లేనిదే ప్రణయకథ నడువదని మనకొక నమ్మకము. బాపిరాజుగారి గోన గన్నారెడ్డి, నోరివారి రుద్రమదేవి, విశ్వనాథవారి ఏకవీర మనకు అట్టి రుచిని మప్పినవి. ఆ రుచి మంచిదే. అయితే ఈనాడు మేము ముచ్చటింపదలచిన కథలో కోట లేదు. భూమిలోనికి నిలువుగా దిగిన ఒక గొయ్యి యున్నది. ఆ గోతినుండి రేయింబవళ్లు నీరు తోడు ఆవిరియంత్రమున్నది. చీటీలపై ధర వ్రాసి రాగిఖనిజమును కొనిపోవు వర్తకులున్నారు. అయినను అది ప్రణయకథయే. చేతబట్టినచో విడువబుద్ధిపుట్టని ప్రణయకథ.

ఆ కథను వ్రాసినవారు విన్‌స్టన్ గ్రాహమ్. ఆయన 1908లో మాంచెస్టరు నగరమున జన్మించి, పడుచువయస్సుననే ఇంగ్లండు నైరృతి కొనయందలి కార్న్‌వాల్ సీమకు చేరి, పెరన్‌పోర్త్ అను సముద్రతీర గ్రామమున మూడు దశాబ్దములకు పైగా నివసించెను. ఆయన రచించిన పోల్డార్క్ నవలలలో మొదటిది 1945లో వెలువడెను. నాలుగవది 1953లో వచ్చెను. పిమ్మట ఇరువది ఏండ్లు ఆ కథను ముట్టక, 1973లో మరల చేపట్టి, 2002లో పండ్రెండవ నవలతో ముగించి, ఆ మరుసటి యేడు కన్నుమూసెను. బి.బి.సి. వారు దీనిని 1975లోను, మరల 2015లోను టెలివిజనుపై ధారావాహికగా చూపిరి. కనుక పుస్తకము చదువనివారికిని నాయకుని పేరు తెలిసియుండవచ్చును. మేము నేడు ప్రసంగించునది మొదటి నాలుగు నవలలను గురించియే. ఆ నాలుగును కలిసి ఒక్క కథ.

కథారంభము 1783వ సంవత్సరము. అమెరికాలో యుద్ధము ముగిసి రాస్ పోల్డార్క్ అను యువకుడు కుంటుచు ఇల్లు చేరును. తండ్రి గతించినాడు. నంపారా యను ఆ పెంకుటింట ఇద్దరు తాగుబోతు సేవకులు కాపురముండి దానిని పాడుపెట్టినారు. తాను మనసిచ్చిన ఎలిజబెత్, ఇతడు మరణించెనన్న వదంతిని విని, ఇతని పెదతండ్రి కుమారుడైన ఫ్రాన్సిస్‌ను పెండ్లాడనున్నది. తండ్రి విడిచిన ఆస్తియందు బీడుపొలము కొంత, మూతపడిన గని ఒకటి. ఒకనాడు రాస్ రెడ్‌రూత్ సంతకుపోయి, అచ్చట తన కుక్కను కాపాడుకొనుటకై అల్లరిమూకతో పెనగులాడుచున్న పదుమూడేండ్ల బాలికను చూచి జాలిగొని, వంటయింటి పనికై తెచ్చుకొనును. ఆమె ఒక గనికార్మికుని కుమార్తె. తండ్రి కొట్టిన దెబ్బల గుర్తులు వీపుననున్న పిల్ల. పేరు డెమెల్జా. నాలుగేండ్ల పిదప, 1787లో, ఆమె ఆ యింటి యిల్లాలగును. పెద్దయింటివారు నివ్వెరపోవుదురు. ఇట్టి కథలు మనమెరుగనివి కావు. ఇంతవరకే యైనచో దీనిని గురించి రేడియోలో పదిహేను నిమిషములు మాటలాడ నవసరము లేదు.

ఇచ్చట మా తప్పు నొకదానిని ఒప్పుకొనవలెను. తొలిసారి ఈ నవలలను చదివినపుడు మేము గనిపుటలు వచ్చినచోటనెల్ల వేగముగా కాగితములు త్రిప్పితిమి. వాటాదారుల సభలు, ఖనిజపు ధరలు, బ్యాంకు ఋణములు మాకేల? డెమెల్జా మరల ఎప్పుడు కనబడునా, ఎలిజబెత్ ఏమి చెప్పునా యని ఆతురపడితిమి. కథ ముగిసినది; కన్నీరును కార్చితిమి. కాని ఒక సందేహము మిగిలినది. అంత ప్రేమించుకొన్న ఆ దంపతులకు అన్ని ఇడుమలు ఏల కలిగినవి? రచయిత కావలెనని వారిని పీడించెనా? కొంతకాలమునకు రెండవసారి చదివితిమి. ఈసారి ఒక్కపుటయు దాటలేదు. అపుడు తెలిసినది: మేము త్రిప్పివేసిన కాగితములలోనే మా ప్రశ్నకు సమాధానమున్నది.

ఆ పుటలలో ఏమున్నదో కొంచెము చెప్పుదుము. కార్న్‌వాల్ భూమిలో తగరము, రాగి విస్తారము. కాని బొగ్గు లేదు. ఖనిజమును కరగించుటకు బొగ్గు అధికముగా కావలెను గనుక ఖనిజమునే ఓడలకెత్తి వేల్సు సీమలోని స్వాన్సీకి పంపుట వాడుక. గని లోతుపోయినకొలది నీరు ఊరును. ఆ నీటిని తోడక రాగి చేతికి రాదు. అందుకు జేమ్స్ వాట్ రూపొందించిన ఆవిరియంత్రము దొరికినది. ఆయనయు బోల్టన్ గారును కలిసి 1777 నుండి కార్న్‌వాల్ గనులలో దానిని నెలకొల్పిరి. అది పాతయంత్రముకంటె తక్కువ బొగ్గుతో పనిచేయును. అట్లు ఆదాయైన బొగ్గు విలువలో మూడవవంతు వారికి చెల్లింపవలెను. ఆ హక్కు 1800 వరకు వారిదే. ఇది చాలక ఆ కాలముననే వేల్సు ఉత్తరమున ఆంగ్లసీ ద్వీపములోని ప్యారిస్ కొండయందు రాగి భూమిపైననే దొరకుటచే ధర కూలిపోయినది. లోతున త్రవ్వువానికి ఖర్చు పెరుగుచుండగా పైన ధర తరుగుచున్నది. గ్రాహమ్ నాయకుడు గని తెరచినది సరిగా ఇట్టి కాలముననే.

ఇక అమ్మకము. గనివారు ఖనిజమును కుప్పలుగా పోయుదురు. కరగించు కంపెనీల ప్రతినిధులు మచ్చులు తీసికొనిపోయి పరీక్షించి, నిర్ణీతదినమున ఒక సత్రమున కూడి, ఒక్కొక్కరు తమ ధరను చీటీపై వ్రాసి యిత్తురు. ఎక్కువ ధర వ్రాసినవానికి ఆ కుప్ప చెందును. ఒక్కమాటైనను బేరమాడుట యుండదు. తరువాత అందరును కలిసి విందారగింతురు. చూచుటకు ఎంతో న్యాయముగ నున్న పద్ధతి! అయితే కొనువారందరు ముందుగా ఒకమాట అనుకొన్నచో ఆ చీటీలకు అర్థమేమున్నది? రాస్ పోల్డార్కునకు కలిగిన అనుమానము ఇదియే. అతడు కొందరు గనియజమానులతో చేరి, తామే ఖనిజమును కొని తామే కరగించు కంపెనీ నొకదానిని రహస్యముగా స్థాపించును. వాటాదారుల పేర్లు బయటపడరాదు. వారిలో పలువురు వార్లెగన్ అను బ్యాంకువారికి ఋణపడియున్నారు.

ఇప్పుడు ప్రణయకథకు వత్తము. ఫ్రాన్సిస్‌కు వెరిటీ యను సోదరి కలదు. ఆమె ప్రేమించిన ఓడ కెప్టెన్ బ్లేమీ పూర్వము తాగినమైకమున భార్య మరణమునకు కారకుడైనవాడు. ఇంటివారు ఆ సంబంధమును త్రోసిపుచ్చిరి. వెరిటీ యౌవనము వంటయింటను లెక్కలపుస్తకముల నడుమను వాడిపోవుచుండగా, కొత్తకోడలైన డెమెల్జా చూచి ఓర్వలేక, భర్తకు తెలియకుండ ఆ యిద్దరిని మరల కలుపును. వెరిటీ ఇల్లు వీడిపోయి బ్లేమీని పెండ్లాడును. ప్రణయకథాప్రియులమైన మనము సంతసింతుము. ఫ్రాన్సిస్ మాత్రము మండిపడును. ఇది రాస్ చేసినపనియే యని తలచి, ఆ కోపమున రాగి కంపెనీ వాటాదారుల పేర్లను జార్జ్ వార్లెగన్‌కు చెప్పివేయును. బ్యాంకువారు ఒక్కొక్కరిని పిలిచి ఋణము తీర్చుమందురు. కంపెనీ కూలిపోవును.

చూడుడు! ఒక యువతి జాలిగుండెతో చేసిన మేలు ఎన్ని మెట్లు దిగి ఎచ్చటికి పోయినదో. పశ్చాత్తాపముతో డెమెల్జా, ఫ్రాన్సిస్ ఇంట గొంతువ్యాధి సోకినపుడు వారికి పరిచర్య చేయబోవును. ఆ వ్యాధి ఆమెకు అంటును, ఆమెనుండి చిన్నిపాప జూలియాకు అంటును, పాప దక్కదు. మేము తొలిసారి దీనిని విధివైపరీత్య మనుకొంటిమి. రెండవసారి చూడగా ప్రతిమెట్టును కంటికి కనబడినది. మొదటిమెట్టు ప్రేమ. నడిమిమెట్టు రాగిధర. ఈ రెంటిని వేరుచేసి చదువువాడు కథలో సగమే చదివినవాడు.

మన పాఠకులలో కొందరు, ప్రణయకథలో వ్యాపారమేల యని యడుగుదురు. మరికొందరు, శ్రమజీవుల కథలో ప్రణయమేల యని యడుగుదురు. మాకు తోచినంతవరకు ఈ రెండు ప్రశ్నలకును సమాధానమొకటే. సంసారము చేయువారింటికి ధర రాకుండనుండదు. పొయ్యిలో బొగ్గు, దీపములో చమురు, రోగికి వైద్యుడు - వీనిని తప్పించి ప్రేమించుకొనువారు అంతఃపురములలో నుండవచ్చునేమో. డెమెల్జా కొత్తగౌను కుట్టించుకొనవలెనన్నను గనిలో రాగి పడవలెను. ఆమె భర్తపై చింత కలిగినపుడు చెవియొగ్గి వినునది ఆవిరియంత్రపు చప్పుడును. ఫ్రాన్సిస్‌గారి వంశపు గని గ్రాంబ్లర్ మూతపడునాడు యంత్రము ఆగిపోవును. దశాబ్దములుగ ఊరివారి చెవులలో నిలిచిన మ్రోత ఒక్కసారి అణగిపోయినపుడు కలిగిన ఆ నిశ్శబ్దమును మేము చాలకాలము మరువలేకపోతిమి. అడుగున నీరు పైకి లేచును. త్రవ్విన సొరంగములన్నియు మునుగును. ఆ ఊరి వందల కుటుంబములకు శీతకాలము ముందున్నది.

గనిలో దిగువారి జీవనమును సయితము రచయిత నిజము తప్పక చెప్పెను. కార్న్‌వాల్‌లో రెండు తెగల పనివాండ్రుండిరి. ఒక తెగవారు గోతిని ఇన్ని బారలు త్రవ్వినందుకు ఇంత యని కూలి పుచ్చుకొందురు. రెండవ తెగవారిది మన పల్లెలలో పాలికి దున్ను రైతు వరుస. గని కెప్టెన్ ఒక్కొక్క పనిచోటును పేర్కొని పిలుచును. అచ్చట తీసిన ఖనిజము విలువలో పౌనుకు ఇన్ని షిల్లింగులు మాకు చాలునని వారు పాడుదురు. తక్కువకు పాడినవానికి అది దక్కును. కొవ్వొత్తులు, మందుగుండు, పనిముట్లు - అన్నియు వాని ఖర్చే. రాయిలో రాగి చారలు మంచివైనచో నాలుగు కాసులు మిగులును. వట్టిరాయి యైనచో రెండు నెలలు చెమటోడ్చి అప్పుతో పైకి వచ్చును. బట్టతో గట్టిగ చేసిన టోపీపై మట్టిముద్దతో కొవ్వొత్తి నంటించుకొని నిచ్చెనలమీదుగ దిగవలెను. పనియైన పిమ్మట ఆ నిచ్చెనలే యెక్కి రావలెను. ఆడువారు, పిల్లలు పైనుండి సుత్తెలతో ఖనిజమును పగులగొట్టుదురు.

ఆ పనివారిలో జిమ్ కార్టర్ అను కుర్రవాడొకడు. గనిగాలికి ఊపిరితిత్తులు చెడినవి. జిన్నీ యను పిల్లను పెండ్లాడి, గంపెడాశతో కాపురము పెట్టినవాడు. ఇంట గడువక రాత్రివేళ ఇతరుల తోటలో వేటాడి పట్టుబడును. రాస్ న్యాయాధిపతులయెదుట అతనికై వాదించును, గెలువలేడు. చెరలో జ్వరము ప్రబలి ఆ కుర్రవాడు మరణించును. నాయికానాయకుల కథకంటె ఈ జిమ్, జిన్నీల కథయే మా మనస్సును ఎక్కువ కలచినది. వారి ప్రేమయు ఆ ప్రేమవంటిదే. దానిని కాపాడుటకు ఒక పెంకుటిల్లుగాని, ఒక వంశనామముగాని లేకపోయినది. అంతే తేడా.

ఇంత మెచ్చుకొన్న పిదప లోపములను చెప్పక పోవుట న్యాయము కాదు. మొదటిది: ఈ కథను మనము భూస్వామి ఇంటి కిటికీనుండి చూచుచున్నాము. రాస్ ఎంత దయాళువైనను ఆ దయ పైనుండి దిగివచ్చినదే. ఎమిల్ జోలా 1885లో వెలువరించిన జెర్మినాల్‌ను దీనిప్రక్కన పెట్టుడు. ఫ్రాన్సు ఉత్తరమునగల బొగ్గుగనుల కథ అది. అందు పనివాడే కథకు కన్ను. సమ్మెచేసినవాడు అతడే, ఆకలిగొన్నవాడు అతడే. నీరు నిండిన గనిలో, కడపటి గడియలలో ప్రేమ ఫలించినది అతనికే. అచ్చట మనలను ఆదుకొనుటకు మంచి దొర యెవడును రాడు. గ్రాహమ్ నవల చదివి హాయినొందినవారు జోలా నవలను కూడ చదువవలెనని మా మనవి. మొదటిది మనకు గనిని ప్రేమించుట నేర్పును. రెండవది గనికి భయపడుట నేర్పును.

రెండవ లోపము ఇంకను బరువైనది. నాలుగవ నవలలో ఫ్రాన్సిస్ గని నీటిలో పడి మరణించిన తరువాత, ఎలిజబెత్ జార్జ్ వార్లెగన్‌ను పెండ్లాడ నిశ్చయించుకొన్నదని తెలిసి, రాస్ కోపావేశమున రాత్రివేళ ఆమె యింట చొరబడును. ఆమె వలదన్నను వినడు. ఆ ఘట్టముపై రచయిత తెరదించి, ప్రణయావేశమను నీడలో దానిని విడిచిపుచ్చెను. నాయకుడు చేసినంతమాత్రమున దౌర్జన్యము ప్రేమ కానేరదు. ఆ పుటలను మేము మెచ్చలేము. అయితే ఒకటి చెప్పవలెను: డెమెల్జా దానిని మన్నించి మరచిపోయినట్లు రచయిత వ్రాయలేదు. ఆ గాయము ఆ దంపతులనడుమ చాలకాలము నిలిచినది. రచయిత కప్పిపుచ్చినదానిని గనికార్మికుని కుమార్తె కప్పిపుచ్చనీయలేదు.

శ్రోతలలో కొందరు, ఎక్కడి కార్న్‌వాల్, ఎక్కడి మనము అనవచ్చును. దూరము మీరనుకొన్నంత లేదు. 1866లో రాగిధర మరల కూలి, కార్న్‌వాల్ గనులు వరుసగా మూతపడగా, ఆ పనివారు ఓడలెక్కి ప్రపంచపు నలుమూలలకు పోయిరి. ఆస్ట్రేలియాకు పోయిరి, అమెరికాకు పోయిరి, దక్షిణాఫ్రికాకు పోయిరి. కొందరు మన కోలారు బంగారుగనులకు వచ్చిరి. 1880వ దశకమునుండి లండనులోని జాన్ టేలర్ అండ్ సన్స్ వారి యాజమాన్యమున ఆ గనులు నడచినపుడు, కెప్టెన్లుగాను యంత్రకారులుగాను కార్న్‌వాల్‌వారు పలువురుండిరి. వారి కిందదిగి రాయి కొట్టినవారు ముఖ్యముగ తమిళులును తెలుగువారును. 1902లో శివసముద్రమునుండి విద్యుచ్ఛక్తి వచ్చినది. గనులు మూడు కిలోమీటర్లకు పైబడిన లోతునకు పోయినవి. అంతలోతున బరువునకోర్వలేక బండ తనంతతాను పగిలి ప్రేలెడిది. అట్లు ప్రేలినదినములలో ఎన్ని గడపలలో దీపములారినవో. కడకు 2001లో ఆ గనులును మూతపడినవి. దానికి మూడేండ్లముందు, 1998లో, కార్న్‌వాల్‌లో తుదివరకు నిలిచిన సౌత్ క్రాఫ్టీ తగరపుగని మూతపడినది. రెండుచోట్లను యంత్రములాగినవి; రెండుచోట్లను నీరు పైకి లేచినది.

ఈ సంగతి తెలిసిన పిమ్మట మేము డెమెల్జాను చదువుచున్నపుడెల్ల మరియొక పిల్ల కనబడసాగినది. కోలారు బస్తీలో రేకులకప్పు కింద, తండ్రి పాళీ ముగించి పైకి వచ్చువేళకు సంగటి వండి, సైరను మ్రోతకు చెవియొగ్గి కూర్చున్న తెలుగుపిల్ల. ఆమెకును ఒక ప్రేమకథ యుండియుండును. దానిలోను బంగారపుధర ఒక పాత్రయై యుండును. కార్న్‌వాల్‌లో పాడుపడిన యంత్రశాలల గోడలను చూచుచు గ్రాహమ్ నూటయేబదియేండ్ల వెనుకటి మనుష్యులకు ప్రాణము పోసెను. ఆ పొగగొట్టములు, ఆ రాతిగోడలు ఉన్న ప్రదేశమును 2006లో ప్రపంచ వారసత్వస్థలముగ గుర్తించిరి. రాళ్లకు గౌరవము దక్కినది, మంచిదే. రాళ్లనడుమ బ్రతికినవారికి నవల దక్కవలెను. మన గనిబస్తీలలో పుట్టి పెరిగినవారు, తమ అమ్మమ్మలు తాతలు చెప్పిన సంగతులను మరువకముందే వ్రాసిపెట్టవలెనని మేము కోరుచున్నాము.

వినోదమునకై చదువుట నేరము కాదు. పగలంతయు పనిచేసి, రాత్రి దీపముకింద ఒక ప్రణయకథలో తలదాచుకొనువానిని ఎవరును నిందింపరాదు, మేమును అట్టివారమే. మా మనవి ఒక్కటే. ఈ నవలను చదువువారు గనిపుటలను త్రిప్పివేయకుడు. డెమెల్జా నవ్వునకు మనము మురిసినపుడు ఆ నవ్వును నిలిపియుంచినది ఏమో తెలిసికొని మురియుదము. ఫ్రాన్సిస్ గని నీటిలో మునిగి మరణించినపుడు, అతని పిడికిట చిక్కిన ఒక మేకును చూపి రచయిత ఊరకుండును; ఆ చేతికి అంతకంటె పట్టు దొరకలేదు. చీటీల వేలము తెలిసినవానికి, బ్యాంకు ఋణము తెలిసినవానికి, నిచ్చెనల లోతు తెలిసినవానికి ఆ మేకు ఎంత చెప్పునో, పుటలు త్రిప్పిన తొందరలో మాకు తొలిసారి వినబడలేదు. మీకు తొలిసారియే వినబడుగాక.